పవర్ సిస్టమ్ ప్రొటెక్షన్ నేర్చుకోవాలంటే దేనితో మొదలెట్టాలి: పుస్తకమా, వీడియో కోర్సా, సాఫ్ట్‌వేర్ కోచింగా, సైటా?

ట్రిపుల్ఈ అయిపోయి ప్రొటెక్షన్ లైన్‌లోకి, అంటే కరెంట్ లైన్లలో ఫాల్ట్ వస్తే కనిపెట్టి ఆ భాగాన్ని విడగొట్టే పనిలోకి, వెళ్దాం అనుకునేవాళ్ళ ముందు ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. పుస్తకాలు కొనుక్కుని కూర్చోవచ్చు, ఎన్‌పిటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల వీడియోలు చూడొచ్చు, ఫీజు కట్టి ఈటాప్ అనే సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి వెళ్ళొచ్చు, టెస్టింగ్ కాంట్రాక్టర్ దగ్గర చేరి సైట్లు తిరగొచ్చు, డిజైన్ ఆఫీసులో ట్రైనీగా చేరొచ్చు, గేట్ రాసి ఎంటెక్ చేయొచ్చు. అన్నీ పనికొచ్చేవే, కానీ అన్నీ ఒకే విషయం నేర్పవు, ఏది ముందు ఏది తర్వాత అన్నదాన్ని బట్టి పెట్టిన డబ్బూ టైమూ నిలబడతాయా పోతాయా అన్నది తేలిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ దారిలో వెళ్ళినా సరే, దానికి ముందు ఒక చిన్న సబ్‌స్టేషన్‌కి ఫాల్ట్ కరెంటూ (షార్ట్ సర్క్యూట్ అయితే పారే కరెంట్), రిలే (ఫాల్ట్‌ని చూసి బ్రేకర్‌ని తెరవమని చెప్పే పరికరం) సెట్టింగులూ కాగితం మీద చేత్తో వేసి చూడండి. ఒక్కసారి చేస్తే చాలు, తర్వాత ఏ కోర్సు చూసినా అది మీకు ఏం ఇస్తోందో ఏం ఇవ్వట్లేదో మీకే అర్థమైపోతుంది. అందుకే ముందు ఆ లెక్క చెప్తాను, తర్వాత అదే లెక్కని పెట్టుకుని ఒక్కో దారిని పోలుద్దాం.

మన ఊళ్ళ పక్కన కనిపించే మామూలు 33/11 కేవీ సబ్‌స్టేషన్ తీసుకోండి. 5 ఎంవీఏ పీటీఆర్ (పవర్ ట్రాన్స్‌ఫార్మర్) ఒకటి, ఇంపీడెన్స్ 7.15 శాతం. 11 కేవీ వైపు ఫుల్ లోడ్ కరెంట్ 5000 ని 1.732 తోనూ 11 తోనూ భాగిస్తే దాదాపు 262 ఆంప్స్. 33 కేవీ బస్‌లో (లైన్లన్నీ కలిసే చోటు) ఫాల్ట్ లెవెల్ 500 ఎంవీఏ అనుకుంటే సోర్స్ ఇంపీడెన్స్ 5 ఎంవీఏ బేస్ మీద 1 శాతం, రెండూ కలిపి 8.15 శాతం, కాబట్టి 11 కేవీ బస్ మీద త్రీ ఫేజ్ ఫాల్ట్ వస్తే 262 ని 0.0815 తో భాగించాలి, అంటే దాదాపు 3220 ఆంప్స్, అదే కరెంట్ 33 కేవీ వైపు నుంచి చూస్తే మూడో వంతు, సుమారు 1073. ఇంతవరకూ థర్డ్ ఇయర్ లెక్కే.

ఇప్పుడు రిలేలు. ఐఈసీ స్టాండర్డ్ ఇన్వర్స్ కర్వ్‌లో టైమ్ అంటే 0.14 ని టీఎంఎస్‌తో (రిలే టైమ్‌ని పెంచే తగ్గించే సెట్టింగ్) గుణించి, దాన్ని పికప్‌కి (రిలే పనిచేయడం మొదలుపెట్టే కరెంట్) ఎన్ని రెట్ల కరెంటో ఆ రెట్లకి 0.02 పవర్ వేసి ఒకటి తీసేసిన దానితో భాగించడం. 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయటికి వెళ్ళే లైన్) పికప్ 200 ఆంప్స్, టీఎంఎస్ 0.1 పెడితే బస్ దగ్గర ఫాల్ట్‌కి 0.245 సెకన్లలో ట్రిప్ ఇస్తుంది. ఇన్‌కమర్ (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 11 కేవీ బస్‌కి వచ్చే బ్రేకర్) రిలే దీనికంటే 0.3 సెకన్లు ఆగాలి, ఎందుకంటే ఫీడర్ బ్రేకర్ తెరుచుకోవడానికీ రిలేలో, సీటీలో (పెద్ద కరెంట్‌ని తగ్గించి రిలేకి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఉండే తేడాలకీ కాస్త సేఫ్టీకీ అంత గ్యాప్ కావాలి, పాత ఎలక్ట్రోమెకానికల్ రిలేలైతే డిస్క్ ఓవర్‌షూట్ కూడా ఉంటుంది కాబట్టి 0.4 ఇచ్చేవాళ్ళు. ఇన్‌కమర్ పికప్ 300 ఆంప్స్ పెడితే టీఎంఎస్ 0.19 వస్తుంది, టైమ్ 0.547. హెచ్‌వీ వైపు, అంటే 33 కేవీ వైపు, పికప్ 120 ఆంప్స్ పెట్టి మళ్ళీ 0.3 గ్యాప్ ఇస్తే టీఎంఎస్ 0.27, టైమ్ 0.844. అయిపోయింది అనిపిస్తుంది కానీ అసలు ప్రొటెక్షన్ మొదలయ్యేది ఇక్కడే.

ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ డెల్టా స్టార్, 33 కేవీ వైపు వైండింగ్ డెల్టా, 11 కేవీ వైపు స్టార్. 11 కేవీ వైపు రెండు ఫేజుల మధ్య ఫాల్ట్ వస్తే అక్కడ పారేది త్రీ ఫేజ్ ఫాల్ట్‌లో 0.866 వంతే, అంటే 2790 ఆంప్స్ దగ్గర, కానీ 33 కేవీ వైపు ఒక ఫేజులో మాత్రం త్రీ ఫేజ్ ఫాల్ట్‌లో వచ్చినంత కరెంటే, ఆ 1073 ఆంప్సే పారుతుంది. దీంతో ఇన్‌కమర్ కాస్త నెమ్మదిస్తుంది, దాని టైమ్ 0.58 అవుతుంది, హెచ్‌వీ రిలే మాత్రం అదే 0.844 దగ్గర ఉంటుంది, మనం కష్టపడి ఇచ్చిన 0.3 గ్యాప్ కాస్తా 0.26 అయింది. న్యూమరికల్ (మైక్రోప్రాసెసర్‌తో నడిచే) రిలేలకి సరిపోవచ్చు, పాత రిలే ఉంటే సరిపోదు. ఈ ఒక్క సంగతి చేత్తో వేసి చూసినవాళ్ళు డెల్టా వైండింగ్ ఏం చేస్తుందో జన్మలో మర్చిపోరు.

ఇంకోటి. అదే ఫీడర్ 15 కిలోమీటర్లు ర్యాబిట్ కండక్టర్‌తో (అల్యూమినియం తీగల్లో ఒక సైజు పేరు) వెళ్తుంది అనుకోండి, చివర ఫాల్ట్ వస్తే కరెంట్ 3220 ఉండదు, లైన్ రెసిస్టెన్స్ రియాక్టెన్స్ కలుపుకుంటే 590 ఆంప్స్ దగ్గరికి పడిపోతుంది, పికప్‌కి మూడు రెట్లు కూడా లేదు, రిలే టైమ్ 0.64 సెకన్లు. ఇక తీగ తెగి ఎండిన నేల మీద పడితే కరెంట్ కొన్ని ఆంప్సే పారొచ్చు, ఓవర్‌కరెంట్ రిలేకి అది కనిపించనే కనిపించదు, ఎర్త్ ఫాల్ట్ రిలేకి కూడా చాలాసార్లు కనిపించదు. మన దగ్గర పొలాల్లో రైతులూ గొడ్లూ తెగిపడ్డ తీగలకి బలైపోవడం వెనక ఉన్న టెక్నికల్ కారణాల్లో ఇది ఒకటి, అందుకే ఈ సబ్జెక్టుని మార్కుల కోసం చదివే సబ్జెక్టుగా నేను చూడలేను. ఎక్కడ రిలే చూడగలదో ఎక్కడ చూడలేదో తెలిసిన ఇంజనీర్ ఒక్కడు ఉంటే ఆ ఏరియాలో సెన్సిటివ్ ఎర్త్ ఫాల్ట్ పెట్టాలా, ఫీడర్‌ని విడగొట్టాలా, మధ్యలో రీక్లోజర్ (ట్రిప్ అయ్యాక తనంతట తానే మళ్ళీ కలుపుకునే బ్రేకర్) పెట్టాలా అన్న ఆలోచన అయినా మొదలవుతుంది.

సరే ఇప్పుడు పోలిక. ముందు పుస్తకాలు. మన ఇంజనీరింగ్ స్టూడెంట్స్‌కి మొదటి పుస్తకంగా నాగ్‌పూర్ ప్రొఫెసర్లు పైథాంకర్, భిడే రాసిన ఫండమెంటల్స్ ఆఫ్ పవర్ సిస్టమ్ ప్రొటెక్షన్ చాలు, బొమ్మలు బాగుంటాయి, ఎందుకు అన్న ప్రశ్నకి ఓపిగ్గా జవాబు చెప్తుంది. దాని తర్వాత నెట్‌వర్క్ ప్రొటెక్షన్ అండ్ ఆటోమేషన్ గైడ్, ఒకప్పుడు జీఈసీ, తర్వాత అరేవా, ఆల్‌స్టామ్, ఇప్పుడు జీఈ పేరుతో వస్తున్నది, ఇది పని చేసే ఇంజనీర్ల కోసం రాసింది, సెట్టింగ్ ఉదాహరణలు ఇందులో ఉన్నంత వివరంగా కాలేజీ పుస్తకాల్లో ఉండవు. రెండింట్లో ఒకటే చదవాలంటే స్టూడెంట్ మొదటిది, ఉద్యోగంలో ఉన్నవాళ్ళు రెండోది. మేసన్ రాసిన 1956 నాటి ఆర్ట్ అండ్ సైన్స్ ఆఫ్ ప్రొటెక్టివ్ రిలేయింగ్ కూడా చాలామంది చెప్తారు, మంచి పుస్తకమే, కానీ అందులో రిలేలన్నీ ఎలక్ట్రోమెకానికల్ కాబట్టి మొదటి పుస్తకంగా వద్దు, రెండేళ్ళ తర్వాత చదివితే దాని విలువ తెలుస్తుంది. పుస్తకాల బలం ఏంటంటే పైన చెప్పిన డెల్టా స్టార్ సంగతి లాంటివి పుస్తకంలోనే దొరుకుతాయి, బలహీనత ఏంటంటే ఒంటరిగా చదివితే సీటీ చాప్టర్ దగ్గర చాలామంది ఆగిపోతారు.

ఎన్‌పిటెల్ వీడియోల్లో ఖరగ్‌పూర్ ఐఐటీ ప్రొఫెసర్ ఏ.కె. ప్రధాన్ కోర్సూ, బాంబే ఐఐటీ ప్రొఫెసర్ ఎస్.ఏ. సోమన్ కోర్సూ రెండూ ఉచితంగా చూడొచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. డిస్టెన్స్ రిలే (ఇంపీడెన్స్‌ని బట్టి ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో చూసేది), డిఫరెన్షియల్ (లోపలికి వెళ్ళే కరెంటూ బయటికి వచ్చే కరెంటూ పోల్చేది), న్యూమరికల్ రిలే లోపల ఫేజర్‌ని ఎలా లెక్కేస్తుంది లాంటివి వీటిలో బాగా వస్తాయి. కానీ ఒక మాట, ఇవి యూనివర్సిటీ క్లాసులు, ఒక సబ్‌స్టేషన్‌కి మొత్తం సెట్టింగ్ షీట్ తయారుచేయడం నేర్పడం వీటి ఉద్దేశం కాదు. చూస్తూ కూర్చుంటే అర్థమైనట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటే గానీ అర్థం కాలేదని తెలియదు, కాబట్టి ప్రతి లెక్చర్ పాజ్ చేసి లెక్క మీరే వేసుకోండి. పుస్తకంతో పోలిస్తే వీడియో సులువు, అందుకే ఇంగ్లీష్ టెక్స్ట్ చదవడం కష్టంగా ఉన్న మన డిప్లొమా పిల్లలకి ముందు వీడియో, పక్కన పుస్తకం అని చెప్తాను.

సాఫ్ట్‌వేర్ కోచింగ్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఈటాప్, డిగ్‌సైలెంట్ పవర్‌ఫ్యాక్టరీ, మన బెంగళూరు పీఆర్‌డీసీ వాళ్ళ మైపవర్ ఇవన్నీ మంచి సాఫ్ట్‌వేర్లు, ఇండస్ట్రీ నడిచేది వీటి మీదే, వంద బస్‌బార్‌లు ఉన్న రిఫైనరీకి కోఆర్డినేషన్ చేత్తో ఎవరూ వేయలేరు. కానీ బేసిక్స్ రాకుండా నెల రోజుల కోచింగ్‌కి వెళ్తే నేర్చుకునేది ఏ బటన్ ఎక్కడుందో మాత్రమే. రెండు కర్వ్‌లు స్క్రీన్ మీద ఒకదాన్నొకటి దాటకుండా ఉంటే కోఆర్డినేషన్ అయిపోయింది అనుకుంటారు, కానీ ఆ కర్వ్‌లు ఏ ఫాల్ట్‌కి గీసినవి, మినిమమ్ ఫాల్ట్‌కి రిలే పికప్ అవుతుందా, ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌రష్‌కి (ఆన్ చేయగానే కాసేపు లాగే పెద్ద కరెంట్) ట్రిప్ అవ్వకుండా ఆగుతుందా, డెల్టా వైపు షిఫ్ట్ వేశామా అన్నవి అడిగితే జవాబు ఉండదు, ఇంటర్వ్యూల్లో దొరికిపోయేది సరిగ్గా ఇక్కడే. కోచింగ్ ఫీజు కట్టేముందు పైన వేసిన లెక్క ఒక ఎక్సెల్ షీట్‌లో మీరే పెట్టండి, లాగ్ లాగ్ గ్రాఫ్ గీయండి. పైథాన్ కాస్త వచ్చినవాళ్ళకి పాండాపవర్ అని ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది, ఐఈసీ 60909 స్టాండర్డ్ ప్రకారం షార్ట్ సర్క్యూట్ లెక్కలు చేస్తుంది, పైసా ఖర్చు లేదు. మీ చేతి లెక్కా దాని లెక్కా పక్కపక్కన పెట్టి చూడండి, 60909 లో వోల్టేజ్ ఫ్యాక్టర్ వల్ల కాస్త ఎక్కువ వస్తుంది, ఆ తేడా ఎందుకొచ్చిందో మీరు చెప్పగలిగితే అప్పుడు ఈటాప్ కోచింగ్‌కి వెళ్ళండి, నెలలో నేర్చుకునేది వారంలో వచ్చేస్తుంది.

సైట్ దారి వేరే. టెస్టింగ్ అండ్ కమిషనింగ్‌లో చేరితే సెకండరీ ఇంజెక్షన్, ప్రైమరీ ఇంజెక్షన్, సీటీ పోలారిటీ, రేషియో, నీ-పాయింట్ (సీటీ సాచురేట్ అవ్వడం మొదలయ్యే వోల్టేజ్) టెస్టు, డిఫరెన్షియల్ స్టెబిలిటీ, ట్రిప్ సర్క్యూట్ సూపర్‌విజన్ ఇవన్నీ చేతుల్లోకి వస్తాయి. పుస్తకంలో సీటీ అంటే ఒక బొమ్మ, సైట్‌లో సీటీ అంటే ఎస్1 ఎస్2 తారుమారైతే ఛార్జ్ చేసి లోడ్ ఎక్కించగానే డిఫరెన్షియల్ ట్రిప్ అయ్యే వస్తువు, సెకండరీ ఓపెన్ అయితే మనిషి ప్రాణం తీసే వస్తువు. ప్యానెల్ డ్రాయింగ్ చదవడం ఇక్కడ వచ్చినట్టు ఇంకెక్కడా రాదు. ఎండలో పని, ఊళ్ళు తిరగాలి, షట్‌డౌన్ ఎప్పుడిస్తే అప్పుడు రాత్రైనా చేయాలి, మొదట్లో జీతం తక్కువ, ఇవన్నీ నిజాలే. గల్ఫ్‌కి వెళ్దామనుకునేవాళ్ళకి మాత్రం ఇది బలమైన దారి, అక్కడ అడిగేది చేతి అనుభవం. ఈ దారిలో ప్రమాదం ఒక్కటే, సెట్టింగ్ షీట్ వేరేవాళ్ళు ఇస్తారు, మనం రిలేలో ఎక్కించి టెస్ట్ చేసి పాస్ అని సంతకం పెడతాం, మన లెక్కలోని ఆ 0.27 టీఎంఎస్ ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండానే ఐదేళ్ళు గడిచిపోతాయి. రిలే ఇచ్చిన సెట్టింగ్‌కి సరిగ్గా పనిచేస్తుందా అన్నదే టెస్ట్ చెప్తుంది, ఆ సెట్టింగ్ సరైనదా కాదా అన్నది చెప్పదు. సైట్‌లో ఉన్నవాళ్ళు ప్రతి సెట్టింగ్ షీట్‌లో కనీసం ఒక నంబర్‌ని వెనక్కి లెక్కేసి చూసే అలవాటు చేసుకుంటే రెండేళ్ళలో డిజైన్ వైపు వెళ్ళొచ్చు.

డిజైన్ ఆఫీసులో దీనికి తిరగబడిన సమస్య. రిపోర్టులు బాగా రాస్తారు, కోఆర్డినేషన్ స్టడీ చేస్తారు, సీటీ సైజింగ్ చేస్తారు, కానీ బ్రేకర్ మోగడం విననివాళ్ళు కూడా ఉంటారు. మన ఉదాహరణలోనే చూడండి, ఫీడర్ సీటీ 200/1 అయితే 3220 ఆంప్స్ అంటే 16 రెట్లు, 5పీ10 సీటీకి గ్యారంటీ 10 రెట్ల వరకే, కాబట్టి 5పీ20 రాయాలి అని కొత్తగా చేరినవాళ్ళు వెంటనే అంటారు, అది తప్పు కాదు, కానీ ఆ 10 రెట్లన్నది సీటీ మీద పూర్తి రేటెడ్ బర్డెన్ (సెకండరీ వైపు రిలే, కేబుల్ పెట్టే భారం) ఉన్నప్పుడు, న్యూమరికల్ రిలే తీసుకునే బర్డెన్ చాలా తక్కువ, కేబుల్ పొడవు ఎంతో తెలిస్తే అదే సీటీ ఇంకా ఎక్కువ రెట్లు మోయగలదని లెక్క తేలుతుంది, పాత సబ్‌స్టేషన్‌లో సీటీలు మార్చకుండా రిలేలు మాత్రమే మార్చేటప్పుడు ఈ లెక్కే డబ్బు మిగుల్చుతుంది. ఆ కేబుల్ ఎలా వెళ్తుందో చూసినవాళ్ళకి ఈ లెక్కలో నమ్మకం వస్తుంది. సైటా డిజైనా అని అడిగితే, రెండు ఆఫర్లూ చేతిలో ఉంటే, ముందు సైట్‌లో ఒక ఏడాదో ఏడాదిన్నరో చేసి తర్వాత డిజైన్‌కి వెళ్ళమంటాను. దీనికి విరుద్ధంగా వెళ్ళడం కష్టం, ఆఫీసుకి అలవాటుపడ్డాక సైట్‌కి వెళ్ళేవాళ్ళు తక్కువ.

ఎంటెక్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. కొత్త రిలే అల్గారిథమ్స్, సోలార్ విండ్ ఎక్కువైన గ్రిడ్‌లో ఫాల్ట్ కరెంట్ తక్కువగా ఉంటే డిస్టెన్స్ రిలేలు ఎలా ప్రవర్తిస్తాయి లాంటి ప్రశ్నలు మిమ్మల్ని లాగుతుంటే, రిలే కంపెనీల ఆర్ అండ్ డీ వైపు వెళ్దామనుంటే, వరంగల్ నిట్‌లోనో ఏదైనా ఐఐటీలోనో చేయండి. సెట్టింగులు వేసే ఉద్యోగం కోసమైతే ఆ రెండేళ్ళు పనిలోనే పెట్టడం మేలు.

డిస్కంలో ట్రాన్స్‌కోలో ఏఈగా చేరినవాళ్ళ సంగతి వేరు, మీ చేతిలో ఉన్న అవకాశం బయటివాళ్ళకి లేదు. ఎంఆర్‌టీ వింగ్‌తో (మీటర్లు, రిలేలు టెస్ట్ చేసే విభాగం) స్నేహం చేయండి, ట్రిప్పింగ్ జరిగిన ప్రతిసారీ రిలే డిస్టర్బెన్స్ రికార్డు డౌన్‌లోడ్ చేయించుకుని చూడండి, ఏ ఫేజులో ఎంత కరెంట్, రిలే ఎంతసేపట్లో ట్రిప్ ఇచ్చింది, బ్రేకర్ ఎంతసేపట్లో తెరుచుకుంది అన్నీ అందులో ఉంటాయి. ఏ కోర్సులోనూ అంత నిజమైన పాఠం దొరకదు. సీబీఐపీ, సీపీఆర్‌ఐ లాంటి సంస్థల ట్రైనింగులకి డిపార్ట్‌మెంట్ పంపిస్తే తప్పకుండా వెళ్ళండి, కానీ మీ సొంత సబ్‌స్టేషన్ సెట్టింగులు పట్టుకుని వెళ్ళి అక్కడ ఫ్యాకల్టీని అడగండి.

ఇక ఏ టాపిక్ ముందు అన్న ప్రశ్న. సింగిల్ లైన్ డయాగ్రమ్, పర్ యూనిట్, సిమెట్రికల్ కాంపొనెంట్స్, ఫాల్ట్ లెక్క, సీటీ, ఓవర్‌కరెంట్ ఎర్త్ ఫాల్ట్, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ డిఫరెన్షియల్, ఆ తర్వాతే డిస్టెన్స్. బస్‌బార్, జనరేటర్ ప్రొటెక్షన్ బాగా తర్వాత. చాలామంది డిస్టెన్స్ రిలేతో మొదలెడతారు, జోన్ 1 అంటే లైన్ పొడవులో 80 శాతం, జోన్ 2 అంటే 120 శాతం అని నోటికి చెప్పేస్తారు, కానీ జోన్ 3 రీచ్ (రిలే చూసే దూరం) పెంచుకుంటూ పోతే లోడ్‌నే ఫాల్ట్ అనుకుంటుందన్నది వాళ్ళకి తట్టదు. 2012 జూలై 30 తెల్లవారుజామున రెండున్నర దాటాక ఉత్తర గ్రిడ్ కూలింది అలాంటి ట్రిప్పింగ్‌తోనే, అప్పటికే ఓవర్‌లోడ్‌లో ఉన్న 400 కేవీ బీనా గ్వాలియర్ లైన్ ఎలాంటి ఫాల్ట్ లేకుండానే జోన్ 3 మీద ట్రిప్ అయింది, మర్నాడు మళ్ళీ కూలినప్పుడు దాదాపు 60 కోట్ల మంది కరెంట్ లేకుండా ఉండిపోయారు. ట్రిప్ అవ్వాల్సినప్పుడు అవ్వడం ఎంత ముఖ్యమో, అవ్వకూడనప్పుడు ఆగడం అంతే ముఖ్యం, దాన్నే డిపెండబిలిటీ, సెక్యూరిటీ అంటారు, ఏ సెట్టింగ్ వేసినా ఈ రెండిటి మధ్య ఎక్కడ నిలబడుతున్నామో రాసుకోవాలి.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్న మనవాళ్ళకి ఒక చిన్న మార్పు. అక్కడ టీఎంఎస్ బదులు టైమ్ డయల్, ఐఈసీ కర్వ్‌ల బదులు ఐఈఈఈ సీ37.112 కర్వ్‌లు, సీటీలు 5పీ20 బదులు సీ400 సీ800 అని ఉంటాయి, 50, 51 (ఓవర్‌కరెంట్), 87 (డిఫరెన్షియల్), 21 (డిస్టెన్స్) లాంటి డివైస్ నంబర్లు మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే. ఎస్ఈఎల్ అనే రిలే కంపెనీ సాఫ్ట్‌వేర్ క్విక్‌సెట్, రిలే మాన్యువల్స్, టెక్నికల్ పేపర్లు వాళ్ళ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, అక్కడి యుటిలిటీల్లో ఆ రిలేలే ఎక్కువ కాబట్టి ఇంటర్వ్యూకి ముందు ఎస్ఈఎల్ 751 రిలే మాన్యువల్లో ఓవర్‌కరెంట్ చాప్టర్ చదివి, పైన చెప్పిన 33/11 లెక్కనే ఆ కర్వ్‌లతో ఇంకోసారి వేసుకుని వెళ్ళండి.